మన ముచ్చటలు: పడుట నేర్చిన దినము

ఉద్యోగము చేయువారికి ఆదివారము కలదు. బడిపిల్లలకు వేసవి సెలవులు కలవు. న్యాయస్థానములకు సైతము దసరా సెలవులు కలవు. గృహిణికి మాత్రము సెలవుదినమన్నది ఏ పంచాంగమునందును వ్రాయబడలేదు. పండుగ వచ్చినచో మన పని ఇబ్బడి యగును. తీర్థయాత్రకు పోయినను, సత్రములో దిగిన వెంటనే పొయ్యి యెక్కడనని వెదకునది మనమే. గడచిన మాసమున ఈ శీర్షికయందు నిమ్మకాయ యూరగాయను గూర్చి వ్రాసితిని. దానికి జాబులు వ్రాసిన సోదరీమణులలో నొకరు, "మీరెప్పుడైన వంటయింటినుండి వెలుపలికి వత్తురా?" అని మేలమాడిరి. వత్తునమ్మా! ఈ యేడు ఫిబ్రవరి మాసమున ఒక దినమంతయు వెలుపలనే యుంటిని. ఆ దినమున నేను చేసిన ఘనకార్యమేమనగా, పదునాలుగు సార్లు క్రింద పడుట.

మా అమ్మాయికి బ్యాంకులో ఉద్యోగము. రెండేండ్ల క్రిందట శ్రీనగరమునకు బదిలీ యైనది. ఒక నెల దినములు దానికడ నుండివత్తమని తెనాలినుండి బయలుదేరి పోయితిని. పోయిన నాటినుండి నేను చేయుచున్నదేమి? ఇచ్చట చేయు పనినే అచ్చట చలిలో చేయుచుంటిని. ఒక శనివారపు రాత్రి అమ్మాయి వచ్చి, "అమ్మా, రేపు నాకు సెలవు. రేపు నీకును సెలవే. పొయ్యి వెలిగింపరాదు. గుల్మార్గునకు పోయి మంచుమీద జారుట నేర్చుకొందము" అనెను. నాకు నవ్వు వచ్చినది. "ఏబదిరెండేండ్ల దానను, నాకిప్పుడు జారుట యెందులకే? తడిసిన పెరటిబండమీద జారకుండుటయే నాకు చాలు" నంటిని. అది వినలేదు.

గుల్మార్గు శ్రీనగరమునకు సుమారు 50 కిలోమీటర్ల దూరమున నున్నది. కొండ మొదట టంగ్‌మార్గు అను ఊరు. అచ్చట బండిచక్రములకు ఇనుపగొలుసులు చుట్టిరి. మంచుపై చక్రము జారకుండుటకు అది యుపాయము. అచ్చటినుండి 13 కిలోమీటర్ల మలుపుల త్రోవ. ఇరుప్రక్కల సూదులవంటి ఆకులు గల నిలువెత్తు చెట్లు. వాని కొమ్మలపై బొరుగుల మూటలు విప్పి పోసినట్లు మంచు. పైకెక్కిన పిమ్మట కన్నుల యెదుట ఒక విశాలమైన పళ్ళెమువంటి మైదానము. సముద్రమట్టమునకు సుమారు 2,650 మీటర్ల ఎత్తు. అనగా మన హార్సిలీ కొండలకు రెట్టింపు కంటె కొంచె మెక్కువ. వేసవియందు అది పచ్చిక బయలు, పూలమయము. గుల్మార్గు అను పేరునకు పూలమైదానమని యర్థము. పూర్వము దీనిని గౌరీమార్గ మనుచుండిరనియు, 16వ శతాబ్దమున కాశ్మీరము నేలిన యూసుఫ్ షా చక్ ఈ పేరు పెట్టెననియు చెప్పుదురు. మేము పోయిన నాడు పూవు లేదు, పచ్చిక లేదు, అంతయు తెలుపే.

ఆ మైదానపు అంచున అఫర్వట్ అను పర్వతము నిలిచియున్నది. దానిమీదికి తీగలపై వ్రేలాడు పెట్టెలలో మనుష్యులను చేరవేయుదురు. మొదటి మజిలీ 1998లోను, రెండవది 2005లోను తెరువబడినవి. రెండవ మజిలీ 3,900 మీటర్లు దాటిన యెత్తున నున్నది. అది చేయితిరిగినవారి త్రోవ. మావంటి అక్షరాభ్యాసపు వారికి మైదానపు ప్రక్కననే యొక చిన్నవాలు కలదు. మన యూరిలో చెరువుకట్ట యెంత వాలో, అదియు నంతే.

స్కీ యనగా నేమో చూడనివారికి చెప్పెదను. అది పొడవైన సన్నని పలక. క్రొత్తవారికి గడ్డము వరకు వచ్చునది చాలును. వెడల్పు నాలుగు వ్రేళ్ళు. ముందుకొన పైకి వంగియుండును. ఇరువైపుల అంచులకు ఉక్కుపట్టీ. కాలికొక్కటి చొప్పున రెండు పలకలు, చేతికొక కఱ్ఱ. మంచులో నడచినచో మోకాలిలోతు దిగబడుదుము. పలకపై నిలిచినచో మన బరువు దాని పొడవంతయు పఱచుకొనును గనుక దిగబడము. పలక జారునప్పుడు ఆ రాపిడికి అడుగున మంచు పలుచగా కరగి తడియగును. అరుగుపై నీళ్ళు చల్లినచో కాలేల జారునో, ఇదియు దాదాపు అందులకే జారును.

సామగ్రి అద్దెకిచ్చు దుకాణములో నాకు బూట్లు తొడిగిరి. అవి బూట్లు కావు, రోళ్ళు! చీలమండ యే వైపునకును కదలదు. నా జీవితమున చీర విడిచి పంట్లాము తొడిగిన మొదటి దినమును అదియే. దుకాణపు అద్దములో నన్ను నేను చూచుకొని, తెనాలిలో ఎవరైన చూతురేమోనన్నట్లు వెనుకకు తిరిగి చూచితిని. వెనుక నున్నది అయిదేండ్ల పిల్లవాడొకడు. తన పలకలను భుజముపై మోసికొని, "తప్పుకొనుడు" అన్నట్లు నావంక చూచి పోయెను.

ఇది మగవారి ఆట గదా యని మీరడుగవచ్చును. ఈ విద్య నార్వే మొదలగు ఉత్తరదేశములలో వేలయేండ్లనుండి కలదు. అచ్చట నిది మొదట ఆట కాదు. చలికాలమున ఇంటినుండి ఇంటికి, అడవినుండి ఊరికి పోవుటకు సాధనము. 1825లో నార్వేలోని టెలిమార్కు సీమయందు పుట్టిన సోండ్రె నోర్‌హైమ్ అను పేదరైతు, మడమను గూడ పలకకు బిగించు కట్టును కల్పించి, మలుపులు తిరుగుటకు వీలు కల్పించెను. 1936 నాటి శీతకాలపు ఒలింపిక్సులో కొండవాలున జారు పందెము మొదటిసారి పెట్టినప్పుడు, స్త్రీలకును పురుషులతోబాటు పందెముండెను. మన దేశపు మాట చెప్పవలెనన్న, గుల్మార్గులో స్కీ సంఘమును 1927లో ఆంగ్లేయులు స్థాపించిరి. 1988లో కాల్గరీ నగరమున జరిగిన శీతకాలపు ఒలింపిక్సులో శైలజా కుమార్ మన దేశము పక్షమున ఈ విద్యలో పోటీ చేసెను. శీతకాలపు ఒలింపిక్సుకు పోయిన మొదటి భారతీయ మహిళ ఆమెయే. మనాలి ప్రాంతపు ఆంచల్ ఠాకూర్ 2018లో టర్కీ దేశమున జరిగిన పోటీలో కాంస్యపతకమును గెలిచెను. కావున ఇది ఆడవారికి తగదనుటకు వీలులేదు. తగనిది నా మోకాళ్ళకు మాత్రమే యనుకొంటిని.

మాకు నేర్పుటకు వచ్చిన పిల్లవాడు టంగ్‌మార్గు ప్రాంతపువాడు, ఇరువదియైదేండ్లుండును. చిన్ననాట దక్షిణభారత హిందీ ప్రచారసభవారి పరీక్షలకు చదివిన హిందీ ఇన్నాళ్ళకు నాకు అక్కఱకు వచ్చినది. నేను, "బాబూ, ముందు పడకుండ నిలుచుట యెట్లో చెప్పుము" అంటిని. అతడు నవ్వి, "మాతాజీ, ముందు నిలుచుట నేర్పను. ముందు పడుట నేర్పెదను" అనెను.

నిజముగనే నేర్పెను. తూలుచున్నట్లు తోచినప్పుడు చేతులు ముందునకు చాపి నేలను పట్టుకొనజూడరాదట, మణికట్టు విఱుగును. వెనుకకు వాలి కూలబడరాదట. పలకలు మఱింత వేగముగా పరుగెత్తును. కొండ పైవైపునకు, ప్రక్కగా, పీటపై కూర్చున్నట్లు మెల్లగా ఒఱగవలెను. పడిన పిమ్మట లేచుటకును పద్ధతి కలదు. రెండు పలకలను శరీరమునకు దిగువవైపున, వాలునకు అడ్డముగా మెట్టువలె పెట్టుకొనవలెను. కొన క్రిందివైపునకుండగా లేచినచో, మనము లేచులోపలనే పలకలు బయలుదేరును. పలకను బూటునకు బిగించు కట్టుకూడ ఈ యెఱుకతోనే చేయబడినది. కాలు మెలిపడునంత బలము తగిలినచో అది తనంతట విడిపోవును. పడుదురని తెలిసి చేసిన వస్తువది.

ఆ పిల్లవాడు నన్ను ఐదుసార్లు కావలెనని పడవేయించెను. మొదటిసారి ఒఱగుటకు నాకెంత సేపు పట్టినదో చెప్పలేను. మంచు మెత్తనిదే, వాలు చిన్నదే, అయినను శరీరము ఒప్పుకొనదు. ముప్పదియేండ్లుగా ఇంటిలో అందఱును నన్నడిగి చేయువారే. ఉప్పెంత, చక్కెరయెంత, పెండ్లికి పెట్టుపోతలెన్ని, అన్నియు నాకు తెలిసినవే. ఏమియు తెలియనిదాననై ఒకరి యెదుట నిలిచి యెన్నియేండ్లైనదో! చుట్టుప్రక్కల వారందఱు నన్నే చూచుచున్నారనుకొంటిని. కన్నెత్తి చూడగా ఎవరును చూచుటలేదు. ఎవరి పడుట వారికి చాలియున్నది.

అంతలో అమ్మాయి కొంచెము పైనుండి జారుచు వచ్చుచుండెను. అది యంతకుముందు రెండు మూడు సార్లు నేర్చుకొన్నది. వేగము హెచ్చుట చూచి నా గుండె గతుక్కుమనెను. "ఒసే, జాగ్రత్త!" అని కేక వేసితిని. అది తల త్రిప్పి నావంక చూచెను. చూచినంతనే పలకలు రెండును పెనవేసికొని దబ్బున పడెను. నేను పరుగెత్తబోయి నేనును పడితిని. గురువు వచ్చి ఇరువురిని లేపి, నాతో మెల్లగా, "మాతాజీ, కేక వేయకుడు. జారువారు ఎటు చూచిన శరీరమటే పోవును. మీరు పిలిచితిరి, ఆమె మిమ్ము చూచెను, అందువలన పడెను" అనెను. అతడు చెప్పినది ఆ యాటలోని కిటుకు మాత్రమే. కాని యామాట నా చెవిలో సూదివలె దిగెను.

మధ్యాహ్నము టీకొట్టులో కూర్చుంటిమి. కాశ్మీరమువారు ఉప్పువేసి కాచు గులాబిరంగు తేనీరు అమ్మాయి త్రాగుచుండెను. నేను కుంకుమపువ్వు, బాదముపలుకులు వేసిన కహ్వా త్రాగుచుంటిని. కొట్టు యజమానుడు నా చలి చూచి, వెదురుబుట్టవంటి అల్లికలో మట్టికుండనుంచి నిప్పులు పోసిన కాంగ్రీని నా యొడి చెంతకు జరిపెను. మన కుంపటికి చెల్లెలు వంటిది. అమ్మాయి పంట్లాము మోకాలివరకు మడిచి, తగిలిన చోట చూచుకొనుచుండెను. అచ్చట పాతమచ్చ యొకటి కనబడెను. ఆరు కుట్ల మచ్చ. అది నాకు తెలిసిన మచ్చయే.

దానికి పదియేండ్లప్పుడు వారి నాన్నగారు సైకిలు కొని తెచ్చిరి. వారము దినములు తిరుగకమునుపే వీధిమలుపులో పడి మోకాలు చీల్చుకొన్నది. మఱునాడు దానిని బడికి పంపి, ఆ సైకిలును పాతసామానుల వానికి మున్నూరు రూపాయలకు అమ్మివేసితిని. సాయంకాలము వచ్చి అడిగినచో, "దొంగలెత్తుకొనిపోయిరమ్మా" యని చెప్పితిని. ఆడపిల్ల, కాలో చేయో విఱిగినచో రేపెట్లు? అదియే నా యాలోచన. ఆ యబద్ధమును దాదాపు ఇరువదియేండ్లు కడుపులో దాచుకొంటిని. ఆ దినమున, ఆ నిప్పుల కుండ చెంత, చెప్పివేసితిని.

అమ్మాయి ఉలికిపడలేదు. "నాకు తెలియునమ్మా. మూడవనాడే తెలిసినది. పాలుపోయువారి అబ్బాయి దానిని త్రొక్కుచుండెను. నేను ముందుబుట్టకు కట్టిన యెఱ్ఱరిబ్బనుకూడ అట్లే యుండెను" అనెను.

"మఱి నన్నేల అడుగలేదే?"

"అడిగినచో నీవేడ్తువని. నాకు కుట్లు వేయుచుండగా నాకంటె నీవే యెక్కువ యేడ్చితివి గదా." కొంతసేపూరకుండి మరల ననెను: "అయితే అమ్మా, అటుపిమ్మట నేను పడినప్పుడెల్ల నీకు చెప్పుట మానితిని."

సోదరీమణులారా, చెప్పవలసిన మాట నాకు దొరకలేదు. నేను సైకిలు అమ్మి పడుటను ఆపితిననుకొంటిని. ఆగినది పడుట కాదు, నాకు చెప్పుట. అది కాలేజీలో చేరిన పిమ్మట స్నేహితురాండ్ర సైకిలుమీద ఒంటరిగా నేర్చుకొన్నదట. మోచేయి చీరుకొని, మెట్లమీద జారితినని నాతో చెప్పినదట. నేను నమ్మి పసుపు పెట్టితిని.

టీ త్రాగి మరల వాలుమీదికి పోయితిమి. అపరాహ్ణమున గురువు నాకు నాగలి పద్ధతి చూపెను. రెండు పలకల ముందుకొనలను దగ్గఱగాను, వెనుకకొనలను ఎడముగాను పెట్టి, మోకాళ్ళు వంచి, లోపలి యంచులపై బరువు మోపవలెను. పలకలు మంచును దున్నుచు నెమ్మదించును. ఎడమ బాగుగా హెచ్చినచో ఆగును. ఎడమకాలిపై బరువు హెచ్చించినచో కుడివైపునకును, కుడికాలిపై హెచ్చించినచో ఎడమవైపునకును తిరుగును. వినుటకు తలక్రిందులుగా తోచును. చేసి చూచినచో నిజము. భయపడి వెనుకకు వాలినకొలది పలక మన మాట వినదు. ముందునకు మొగ్గినప్పుడే వినును. చూపు పాదములపై గాక, పోవలసిన చోటున నుండవలెను.

పదునాలుగవసారి పడి లేచిన పిమ్మట, సుమారు నలుబది గజములు పడకుండ జారి, నాయంతట నేను ఆగితిని. గాలి చెవులలో రవంత యీల వేసినది. ఆ నలుబది గజములలో నాకు రేపటి పప్పు నానబెట్టుట గుర్తునకు రాలేదు. అది సెలవు కాకున్న మఱి యేది సెలవు?

అటుపిమ్మట అమ్మాయి పైనుండి బయలుదేరెను. వేగము ఉదయముకంటె హెచ్చే. నా నోటివరకు కేక వచ్చినది. పెదవి కఱచి నిలిపితిని. అది నావంక చూడలేదు. తాను పోవలసిన చోటునే చూచుచు, మలుపుమీద మలుపు తిరిగి, అడుగున ఆగి, అప్పుడు తలయెత్తి కఱ్ఱ నూపెను. తిరిగివచ్చునప్పుడు బండిలో శ్రీనగరము చేరువఱకు అది మాటలాడుచునే యుండెను. ఈ యుద్యోగమునకు మునుపు వ్రాసిన పరీక్షలు రెండు తప్పినదట. మొదటి యేడు క్రొత్తయూరిలో ఎన్నియో రాత్రులు ఒంటరిగా ఏడ్చినదట. మఱికొన్నియు చెప్పెను. అవి యిచ్చట వ్రాయదగినవి కావు. నేను సలహా చెప్పలేదు. ఊకొట్టితిని.

మీలో ఎవరైన పోదలచినచో నాలుగు మాటలు. నూలుబట్టలు ఒంటికి తగులునట్లు తొడుగరాదు. చెమటకు తడిసి చలి పుట్టించును. ఉన్ని మేలు. ఒక్క మందపు కోటుకంటె రెండు మూడు పలుచని పొరలు మంచివి. వేడి కలిగినప్పుడు ఒక్కటి విప్పవచ్చును. మేజోళ్ళు ఒక్క జత చాలును; రెండు తొడిగినచో బూటు నొక్కి కాళ్ళు చల్లబడును. నల్లకండ్లద్దములు తప్పక పెట్టుకొనవలెను. క్రొత్తమంచు ఎండలోని అతినీలలోహిత కిరణములలో నూటికి ఎనుబది వంతులవఱకు తిరుగగొట్టును. కండ్లు మండి నీరుగారును, మొగము కమలును. గడ్డము క్రింద, ముక్కు క్రింద గూడ ఎండనాపు లేపనము పూయవలెను. మోకాళ్ళ నొప్పిగాని, గుండెజబ్బుగాని, రక్తపుపోటుగాని గలవారు వైద్యుని అడుగకుండ పోరాదు. గురువు లేనిదే పలక యెక్కరాదు. ఎత్తైన చోట దాహము తెలియదు. అయినను నీళ్ళు త్రాగుచుండవలెను. మఱునాడు తొడలు పట్టివేయును. వేడినీళ్ళ స్నానము, ఒక దినము విశ్రాంతి చాలును.

అందఱును గుల్మార్గునకు పోలేరు, పోవలెననియు నేననను. ఈత గాని, సైకిలు గాని, సంగీతము గాని, మీకు బొత్తిగా రానిదానిని ఒక్కటి, ఒక్క దినము, పిల్లల యెదుట నేర్చుకొనబోయి చూడుడు. మీరు పడుట వారు చూడవలెను. అమ్మయు పడునని తెలిసిన పిల్లలు తాము పడినప్పుడు అమ్మకు చెప్పుదురు.

తెనాలికి తిరిగివచ్చి రెండు వారములైనది. నిన్న రాత్రి అమ్మాయి ఫోను చేసి, "అమ్మా, ఈ వారము మరల పోయితిని. బాగుగా పడితిని, చేయి కమిలినది" అనెను. నా గుండె మునుపటివలెనే గతుక్కుమనెను. దాని స్వభావము మారలేదు. కాని నేను, "ఏ వైపునకు పడితివే?" అని యడిగితిని.